మోగని పాకం

నేను ఒక ఇనుప బాండ్లిని. మనిషిని రోడ్డు మీద పడేసిన బాండ్లినని ఈ మధ్య పేరు తెచ్చుకున్నాను. ఆ మాట మొదట అన్నది పక్కింటి సాలమ్మ. మా ఇంట్లో వాళ్ళ ముందు అనలేదు. పాలు పోసే ఓబులక్కతో కొళాయి దగ్గర అన్నదట. ఓబులక్క పాలచెంబు మా గడప మీద పెడుతూ, "నాకేమి తెలుసు తల్లీ, సాలక్క అంటాండాది" అని మొదలుపెట్టి, "ఆ మసి బాండ్లిలో వండింది తినే మీ కోడలు ముదిగుబ్బ కాడ కండ్లు తిరిగి పడిపోయిందంట. ఆ ఇనుములోనే ఏదో దోసముందంట" అని ముగించింది. ఏమీ తెలియదని మొదలుపెట్టేవాళ్ళకే అన్నీ తెలుస్తాయి.

నాకు చెవులు రెండు, నోరు వెడల్పు. విన్నదంతా లోపలే ఉంచుకుంటాను. మనుషులకూ దేవుడు అవే ఇచ్చాడు, వాడకంలోనే తేడా. కానీ ఇనుములో దోషం అన్న తర్వాత ఊరుకోవడం నా వల్ల కాలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. దోషం ఉందో లేదో మీరే చూడండి.

ధర్మవరంలో పాత సామాన్ల గుట్టలో బొగ్గు ఇంజను బాయిలరు రేకుగా పడి ఉన్నదాన్ని. కమ్మరి బ్రహ్మయ్యాచారి నన్ను ఎర్రగా కాల్చి, మూడు రోజులు సుత్తితో కొట్టి గుంట చేశాడు. ఆ మూడు రోజుల్లో ఆయన నాతో మాట్లాడినంత మంచిగా ఇంట్లో పెళ్ళాంతో మాట్లాడి ఉండడు. నన్ను కొనుక్కున్నది బాలక్క. ఆమె బొరుగులు వేయించేది. నాలో ఇసుక పోసి, ఇసుక కాలాక బియ్యం వేసి, గరిటెతో ఒక్క తిప్పు తిప్పితే బియ్యం మల్లెమొగ్గల్లా విచ్చుకునేవి. ఇరవై ఏళ్ళు ఇసుక రాపిడికి నా లోపలంతా అద్దంలా నునుపు తేలింది. తర్వాత బొరుగుల మిషన్లు వచ్చాయి, బాలక్క పొయ్యి చల్లారింది. నేను ఆమె కూతురు హనుమక్క వెంట బత్తలపల్లి రోడ్డు పక్కన ఉన్న ఈ ఎర్రగుట్టపల్లికి వచ్చాను.

హనుమక్క బొరుగులు మానేసి చిక్కీ పట్టుకుంది. చెనక్కాయలు ఈ నేలలో పండేవే, బెల్లం సంతలో దొరికేదే. పెట్టవలసిందల్లా కన్నూ చెయ్యీ. బెల్లం కరిగించి, మట్టి వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి కాస్తుంది. మధ్యలో ఒక చుక్క చల్లనీళ్ళలో వేస్తుంది. ముందు నీళ్ళలోనే కలిసిపోతుంది. కాసేపటికి వేళ్ళకు మెత్తగా ఉండ కడుతుంది. ఇంకాస్త కాగాక ఆ ఉండను పళ్ళెం మీద వేస్తే ఠంగుమని మోగుతుంది. అదే ముదురు పాకం. ఆ మోతకు ముందు దించినా తప్పే, తర్వాత దించినా తప్పే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా హనుమక్క మోత తప్పలేదు. "హనుమక్క చిక్కీ పగలాలంటే గూటం కావాల" అని జాతరల్లో అనేవాళ్ళు. అది తిట్టు కాదు. ఆమెకు వచ్చిన బిరుదు.

కోడలు కుళ్ళాయమ్మ ఆశా కార్యకర్త. మూడు ఊళ్ళు ఆమెకు అప్పగించారు. బాలింతలకు మాత్రలు, పసిబిడ్డలకు టీకాల కబురు, ముసలివాళ్ళకు రక్తపోటు చూడడం, అన్నీ సైకిలు మీదే. ఒక ఆదివారం అనంతపురం నుంచి సైకిళ్ళేసుకొని వచ్చిన పట్నంవాళ్ళు ఎర్రగుట్ట ఎత్తు ఎక్కలేక రొప్పుతూ నిలబడ్డారు. మందుల సంచి తగిలించుకొని కుళ్ళాయమ్మ వాళ్ళ పక్కనుంచే ఎక్కి వెళ్ళిపోయింది. వాళ్ళు నోరు తెరిచారు. పలకరించారు. పరిచయమైంది. రెండునూర్ల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కే పందెం ఒకటి ఉందని చెప్పారు. మనిషికి మనిషితో పోటీ లేదు, గడియారంతోనే పోటీ. అనంతపురంలో తెల్లారి ఆరుకు బయలుదేరి, కదిరి దాటి కొంత దూరం పోయి, అక్కడ కాగితం మీద సంతకం పెట్టించుకొని, అదే దారిన సాయంత్రం ఏడున్నరలోపు తిరిగి రావాలి. వాళ్ళలో ఒకతను వాడేసిన గేర్ల సైకిలును కుళ్ళాయమ్మ తన జీతంలో మిగిల్చుకున్నదానితో కొనుక్కుంది. ఆటో తోలే మొగుడు నాగభూషణం "ఎందుకే?" అంటే, "ఈ ఇంట్లో నాది అని చెప్పుకొనేకి ఒకటన్నా ఉండాల కదా" అన్నది.

మాఘమాసంలో ఆమె మొదటిసారి ఆ పందేనికి పోయింది. అత్త దానికి ముందురోజు నన్ను పొయ్యి మీదకు ఎక్కించి, జన్మలో చేయనంత జాగ్రత్తగా చిక్కీ చేసింది. కోడలి దారి బత్తెం కదా! పాకం గుడిగంటలా మోగింది. ఎనిమిది పలకలు కాగితంలో చుట్టి ఇచ్చింది. కుళ్ళాయమ్మ పోయేటప్పటి నూరు కిలోమీటర్లూ బాగానే తొక్కింది. తిరుగుదారిలో ముదిగుబ్బ దగ్గర కాళ్ళు వణికి, కళ్ళు చీకట్లు కమ్మి, సైకిలు మీంచి రోడ్డు పక్క కంకర మీద పడింది. నాగభూషణం ఆటో వేసుకొనిపోయి తీసుకొచ్చాడు.

మర్నాడు సంచి దులిపితే ఏడు చిక్కీలు చెక్కు చెదరకుండా బయటపడ్డాయి. ఎనిమిదో దాని మీద పంటి గాట్లు రెండే ఉన్నాయి.

"ఏమ్మే, తినలేదా?" అన్నది హనుమక్క.

"కొరికేకి కాలేదత్తా. ఒక చెయ్యి సైకిలు మీదుంటే, నోట్లో అది రాయి మాదిరి ఉండాది. ఊపిరి కూడా ఆడలేదు."

"దిగి తినొచ్చు కదా!"

"దిగితే మళ్ళా ఎక్కలేను."

హనుమక్క ఏడు చిక్కీలనూ ఒడిలో పోసుకొని గడప మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళ బిరుదు ఒడిలో బరువుగా ఉంది. కూర్చొని తినేవాళ్ళ పళ్ళనే తప్ప, పోతూ తినేవాళ్ళ ఊపిరిని లెక్కలోకి తీసుకోవాలని ఆమెకు అంతవరకు తట్టలేదు. తప్పంతా ప్రేమలోనే జరిగింది.

కొళాయి దగ్గర ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. "ఏం కుళ్ళాయమ్మా, రెండునూర్లు పోతానంటివే, ముదిగుబ్బ కాడ పడుకొంటివంట?" అని ఒకరు. "ఆడదానికి కాళ్ళు నడిచేకి ఇచ్చినాడు దేవుడు" అని ఇంకొకరు. కుళ్ళాయమ్మ బిందె నింపుకొని చంకకెత్తుకొని, పోబోతూ ఆగి అందరి ముందూ అన్నది: "ఆషాడంలో మళ్ళా ఉండాదంట. ఈ తూరి పూర్తి చెయ్యకుంటే ఈ సైకిలు అమ్మేస్తా. మీరే సాక్షి." ఇంటికొచ్చాక ఆ మాట ఎందుకన్నానా అని బిందె దించకుండానే నిలబడిపోయింది. మనుషులు పాకం మరీ ముదరబెట్టుకునేది ఇట్లాంటి చోట్లే.

నాగభూషణం పట్నం నుంచి సైకిలువాళ్ళు తినే బారు ఒకటి తెచ్చాడు. మెరిసే కాగితంలో ఉంది. ఒక్క బారు ధరకు ఇక్కడ బుట్టెడు చెనక్కాయలు వస్తాయి. హనుమక్క కాగితం చించి, బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది.

"ఇదేందిరా ఇది! పాకం చెడిపోయింది కదా! దీన్ని అమ్ముతారా? దీనికి మళ్ళీ రంగు కాగితమొకటి!"

"అది అట్లే ఉండాలంటమ్మా. తొక్కుతా తినేకి."

ఆమె ఇంకోసారి నొక్కింది. మూడోసారి నొక్కింది. చివరికి కోడలి వైపు తిరిగి, "అయితే నీకు చెడింది కావాల" అన్నది. ముప్పై ఏళ్ళు పాకం చెడకుండా చూసుకున్న మనిషి నోటి నుంచి ఆ మాట రావడం నేను విన్నాను. నా చెవులు రెండూ పొయ్యి లేకుండానే కాలాయి.

చెడగొట్టడం అంత తేలికైన పని కాదు. మొదటిసారి మరీ ముందే దించింది. పప్పులు కలిపితే పలక కట్టలేదు, తట్ట నుంచి జారి చీమల పాలైంది. చీమలకు ఆ రోజు జాతర. రెండోసారి సరిగ్గా మెత్తని ఉండ కట్టే చోట దించాలని చూసింది, కానీ చెయ్యి వినలేదు. కన్ను దించు అంటోంది, చెయ్యి మోత కోసం ఆగుతోంది. నాలుగు ఊపిర్లు ఆలస్యమైంది. చిక్కీ మళ్ళీ రాయే.

మూడోసారి చెయ్యి కూడా విన్నది. సరిగ్గా ఉండ కట్టగానే దించింది. అయినా చిక్కీ గట్టిపడింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నాకు తెలుసు. నేను దళసరి ఇనుమును. పొయ్యి మీంచి దించినా నాలో వేడి తొందరగా తగ్గదు. ఆమె దించిన పాకాన్ని నేను ఇంకా ఉడికిస్తూనే ఉన్నాను. సాలమ్మ అన్న మాట పూర్తిగా అబద్ధం కాదన్నమాట. దోషం ఉంది. పెద్దవాళ్ళ కోపంలా నా వేడి దిగేది ఆలస్యం. ఈ సంగతి ఒప్పుకోవడానికే ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టాను.

నాలుగోసారి హనుమక్క నన్ను దించి కింద పెట్టబోతే, పక్కనే నీళ్ళలో నానిన గోనెసంచి ఉంది. పొరపాటున దాని మీద పెట్టింది. సుయ్యిమని పొగ లేచింది. నా అడుగు ఒక్కసారిగా చల్లబడింది. ఆమె నన్ను చూసింది, గోనెసంచిని చూసింది. "ఓహో, నువ్వా!" అన్నది. ముప్పై ఏళ్ళలో ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆ తర్వాత ప్రతిసారీ గోనెసంచి తడిపి పెట్టుకుంది.

ఇక లోపల ఏమేమి వేయాలన్న దాని మీద అత్తాకోడళ్ళకు వారం రోజులు వాదన. వట్టి చెనక్కాయలయితే నమలడానికి ఆలస్యమని వాటిని రోట్లో పలుకులుగా దంచారు. బరువు తగ్గడానికి బొరుగులు వేశారు. నా పాత స్నేహితులు ఇన్నాళ్ళకు మళ్ళీ నా ఒడిలోకి వచ్చారు. వేయించిన నువ్వులు, కాస్త శొంఠి. అన్నిటినీ అంటిపెట్టుకోవడానికి పుట్నాల పొడి. ఉప్పు దగ్గర మాత్రం అత్త అడ్డం తిరిగింది.

"తీపిలో ఉప్పా? వినేవాళ్ళు నవ్వుతారు."

"చెమటలో పోయేది ఉప్పే కదత్తా, బెల్లం కాదు కదా."

అత్త చిటికెడు వేసింది. కోడలు చూడనప్పుడు ఇంకో చిటికెడు వేసింది. చూడలేదని అనుకుంది.

రుచి కుదిరింది సరే, తొక్కుతూ తినడానికి వస్తుందో లేదో తెలిసేదెట్లా? కోడలు ఊళ్ళు తిరగడానికి వేరే పాత సైకిలు మీద పోయింది. గేర్ల సైకిలు పెరట్లో స్టాండు మీద వెనక చక్రం పైకెత్తి ఉంది. హనుమక్క చుట్టూ చూసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నా పక్కనున్న పీట మీంచి దాని మీదకు ఎక్కింది. నోట్లో ఒక పలక పెట్టుకొని తొక్కడం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళ మనిషి, కదలని సైకిలు, గిర్రున తిరుగుతున్న చక్రం. నేను పొయ్యి పక్కన ఊపిరి బిగబట్టుకొని చూశాను. గోడ అవతల సాలమ్మ తల లేచింది.

"ఏం హనుమక్కా, నువ్వు గూడా కదిరికి పోతాండావా?"

"లేదు సాలమ్మా, ఇంట్లోనే ఉండా. నీకు వినబడిందా నా మాట?"

"ఎందుకు వినబడదు? చెవుడా నాకు?"

"నోట్లో ముక్క ఉండాది. అయినా మాట వచ్చింది. ఊపిరి కూడా ఆడ్తాండాది. ఇంక నువ్వు పో."

సాలమ్మ పోయింది. ఊళ్ళోకే పోయింది. సాయంత్రానికి హనుమక్కకు మతి చెడిందని కబురు తిరిగి ఇంటికే వచ్చింది. హనుమక్క వినిపించుకోలేదు. ఎండకు కరుగుతుందేమోనని కోడలి పాత చొక్కా జేబులో నాలుగు పలకలు పెట్టి మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు మీద ఆరేసింది. అంటుకున్నాయి. పైన పుట్నాల పొడి చల్లి, విస్తరాకు ముక్కల్లో చుట్టి మళ్ళీ ఆరేసింది. ఈసారి ఆకు ఒక్క లాగుకే ఊడి వచ్చింది. మెరిసే కాగితం అవసరం రాలేదు.

ఆషాఢం వచ్చింది. మా సీమలో ఆషాఢం గాలి సంగతి తెలియనివాళ్ళు పెట్టిన తేదీ అది. పడమటి గాలి గొడ్డును కూడా వెనక్కి నెడుతుంది. "పోయేటప్పుడు గాలి వీపున ఉంటాది, వచ్చేటప్పుడు మొగం మీద కొడ్తాది" అని హనుమక్క చెప్పింది. "తెలుసత్తా" అన్నది కుళ్ళాయమ్మ. ఆకు ముక్కకు ఒకటి చొప్పున చుట్టిన పదకొండు పలకలు జేబుల్లో సర్దుకుంది. వెళ్ళేముందు సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఆ చెయ్యి ఏమనుకుంటోందో ఇంట్లో అందరికీ తెలుసు.

నేను చూడనిదాన్ని చూసినట్టు చెప్పను. ఆ రోజు నేను చూసింది హనుమక్కను. ఉన్నచోట ఉండలేక నన్ను మూడుసార్లు తోమింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని లేచిపోయింది. పొద్దు వాలాక చెప్పులేసుకొని, పందెం సైకిళ్ళు తిరిగొచ్చే బత్తలపల్లి రోడ్డుకు పోయింది. గాలికి మా రేకులు ఎగిరిపోతాయా అన్నట్టు కొట్టుకుంటున్నాయి. ఆమె తిరిగొచ్చేసరికి కొంగంతా దుమ్ము. వాకిట్లో ఓబులక్క కూర్చొని ఉంటే, ఆమెకే చెప్పింది.

"ముదిగుబ్బ దాటింది. నా ముందరే పోయింది. నన్ను చూడలేదు."

"పిలవలేదా?"

"ఎందుకు పిలవాల? నమిల్తా పోతాండాది."

ఆ మాట అంటూ హనుమక్క ముఖం పక్కకు తిప్పుకుంది. ఓబులక్కకు అందులో ఏడవాల్సినదేముందో అర్థం కాలేదు.

ఏడున్నర దాటింది. ఫోను మోగలేదు. ఏడూ నలభై దాటాక నాగభూషణం చేశాడు. "వచ్చిందమ్మా. మొత్తం తొక్కింది. కానీ పదకొండు నిమిషాలు ఆలస్యం. గాలి. వాళ్ళ పుస్తకంలో పూర్తి కింద రాయరంట."

ఆటో పైన సైకిలు కట్టుకొని వాళ్ళు ఇంటికి వచ్చాక, హనుమక్క కోడలిని పలకరించకుండానే ఆమె జేబులు తడిమింది. పదకొండు విస్తరాకు ముక్కలు బయటికి వచ్చాయి. వాటిలో పొడి తప్ప ఏమీ లేదు.

"దిగినావా?"

"లేదత్తా. కదిరి అవతల సంతకానికి కాలు కింద పెట్టినా, అంతే. ముదిగుబ్బ కాడ దిగుదామనిపించింది. ఒకటి నోట్లో పెట్టుకున్నా. అది అయిపోయేలోగా ఆ ఎత్తు అయిపోయింది." కుళ్ళాయమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "అయినా పూర్తి కాలేదు కదత్తా."

మర్నాడు పొద్దున్నే ఆమె సైకిలును వాకిట్లోకి తెచ్చి తుడవడం మొదలుపెట్టింది. గొలుసు మధ్య ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీసింది. పెళ్ళికూతురిని అత్తారింటికి పంపేముందు తల దువ్వినట్టు తుడిచింది. హనుమక్క ఒక మూల నన్ను బోర్లించి బూడిదతో రుద్దుతోంది. నాగభూషణం ఆటో టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. అందులో చూడవలసినదేమీ లేదు.

ఊళ్ళో బోరు మోటార్లు చూసుకునే సంజీవప్ప వచ్చాడు. వెనకాలే బిందెలతో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వచ్చి గోడ దగ్గర ఆగారు.

"పూర్తి కాలేదంట కదా కుళ్ళాయమ్మా" అన్నాడు సంజీవప్ప మెత్తగా. "నేనేమీ ఎగతాళికి రాలేదు. మాటన్నావు, అమ్ముతానన్నావు. ఇంకెవరికో ఇచ్చేబదులు నాకియ్యి. బోరుబావుల కాడికి తిరిగేకి పనికొస్తాది."

"అన్నాను మామా" అన్నది కుళ్ళాయమ్మ. తుడిచే గుడ్డ మడిచి నడుముకు దోపుకుంది. "మాట మాటే. తీస్కపో."

సంజీవప్ప హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. హనుమక్క చేతిలో బూడిద ఆగింది. తల ఎత్తకుండానే అన్నది:

"తీస్కపో సంజీవప్పా. ఊరికే ఇస్తాం. ఎక్కి కదిరి దాటి పోయి, మధ్యలో దిగకుండా ఈ గాలికి ఎదురు తిరిగి రా. పదకొండు నిమిషాలు కాదు, పదకొండు దినాలు ఆలస్యమైనా సైకిలు నీదే."